సెలవుల్లో తగ్గి, స్కూలు తెరవగానే మళ్ళీ పోయిన గొంతు: ఒక ప్రైమరీ టీచర్ గారి కేసు

ఈ కేసు రాయమని అడిగింది టీచర్ గారే. "మా స్టాఫ్ రూమ్‌లోనే నాలాంటోళ్ళు నలుగురున్నారు మేడమ్, రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నారు. అందుకని పేరు, ఊరు, స్కూలు, ఆవిడ సెలవులకి వెళ్ళొచ్చిన దేశం ఏదీ ఇక్కడ కనపడదు, వయసు కూడా కాస్త అటూ ఇటూ చేశాను. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, ఎక్కువగా వాయిస్ కేసులే చూస్తాను, వచ్చేవాళ్ళలో టీచర్లే ఎక్కువ. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, దాన్ని దాచి రాస్తే ఈ రాతకి అర్థమే లేదు.

మొదటిసారి వచ్చినప్పుడు

అప్పటికి స్కూలు సంవత్సరం అయిపోవడానికి ఇంకా మూడు వారాలుంది. 38 ఏళ్ళు, 14 ఏళ్ళుగా ప్రైమరీలోనే, ఆ ఏడాది ఒకటో తరగతి, 34 మంది పిల్లలు. లోపలికొచ్చి కూర్చుని "గుడ్ ఈవినింగ్" అనబోతే ముందు సగం ఉత్త గాలి, వెనక సగం బొంగురు. ఎనిమిది నెలలుగా ఇదే వరస అట, సోమవారం బాగానే ఉంటుంది, బుధవారానికి గొంతు బరువెక్కుతుంది, శుక్రవారం మధ్యాహ్నానికి పెగలనే పెగలదు, ఆదివారం ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటే సోమవారానికి మళ్ళీ కాస్త వస్తుంది. జలుబే అనుకుని రెండుసార్లు యాంటీబయాటిక్స్ కోర్సు వాడారు, ఇంటి వైద్యాలన్నీ అయ్యాయి, ఏం మారలేదు. మెడ పక్కన లాగుతున్నట్టు నొప్పి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది కాబట్టి ఊరికే గొంతు సవరించుకోవడం. ఆవిడకి తెలియకుండా పేపర్ మీద గీతలు పెట్టా, 20 నిమిషాల్లో 31 గీతలు.

అసలు బాధ మాత్రం పాటలది. ఒకటో తరగతిలో సగం పాఠం పాటే కదా, పై శ్రుతి అందట్లేదు, ఒక పిల్లాడు "టీచర్, మీరు అంకుల్ లాగా పాడుతున్నారు" అన్నాడట. చెప్పి ఆవిడే నవ్వేశారు, ఆ నవ్వు కూడా మధ్యలో తెగిపోయింది. నేను అది కూడా రాసుకున్నా, ఎందుకంటే నవ్వు తెగడం, దగ్గు సరిగ్గా పలకకపోవడం ఇవన్నీ మాకు ఆధారాలే.

ఈఎన్‌టీ డాక్టర్ గారు స్ట్రోబోస్కోపీ, అంటే మిణుకు మిణుకుమనే లైటుతో కెమెరా పెట్టి గొంతులో తంత్రుల కదలిక చూసే పరీక్ష, చేసే నా దగ్గరికి పంపారు. రెండు స్వరతంత్రుల మీదా, ముందు మూడో వంతూ మధ్య మూడో వంతూ కలిసే చోట, ఎదురెదురుగా చిన్న బుడిపెలు. వీటినే వోకల్ నాడ్యూల్స్ అంటారు. క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షన్ కాదు, పలుగూ పారా పట్టే చేతికి కాయలు కాస్తాయే అలాంటివే. మాట్లాడేటప్పుడు ఆ తంత్రుల్లో ఎక్కువగా కొట్టుకునేది ఆ చోటే, అందుకే కాయ అక్కడే కాస్తుంది. కాయలు రెండూ ముందుగా తగిలి ఆగిపోతాయి కాబట్టి వాటికి ముందూ వెనకా సందు మిగిలిపోతుంది, గాలంతా ఆ సందుల్లోంచి పోతుంది, గుడ్ ఈవినింగ్‌లో వినపడిన ఆ గాలి అదే.

కొలతలు త్వరగా చెప్పేస్తా. ఒక్క ఊపిరితో "ఆ" అని ఎంతసేపు పట్టగలరో చూస్తే 9 సెకన్లు, ఆ వయసు ఆడవాళ్ళకి మామూలుగా 15 దాటాలి. ఒక్క ఊపిరితో "స్" ఎంతసేపు పట్టగలరో, "జ్" ఎంతసేపు పట్టగలరో చూసి తీసే నిష్పత్తి 1.6, అది 1.4 దాటితే తంత్రులు సరిగ్గా మూసుకోవట్లేదేమో అని అనుమానిస్తాం. గొంతు విని చెవితో మార్కులేసే జీఆర్‌బీఏఎస్ స్కేలు మీద మొత్తం బొంగురు 2, అంటే 0 నుంచి 3 దాకా ఉండే స్కేలులో మధ్యస్థం. వీహెచ్ఐ-10 అని పది ప్రశ్నల ఫారం ఉంటుంది, గొంతు వల్ల బతుకు ఎంత ఇబ్బంది పడుతోందో పేషెంటే మార్కులేసుకోవాలి, 40కి 11 దాటితే మామూలు కాదు, ఆవిడ 24 వేసుకున్నారు.

రోజంతా ఏం చేస్తారో చెప్పండి అన్నా

ఈ ప్రశ్నకి జవాబు అరగంట పట్టింది. పొద్దున్న గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి పంపడం, ప్రార్థన, హాజరు, వరసగా పీరియడ్లు, మధ్యలో ఎవరికో పెన్సిల్ పోయింది, ఎవరో ఎవర్నో గిల్లారు, ఒకడికి బాత్రూమ్ అర్జెంటు, మధ్యాహ్నం భోజనాల డ్యూటీ, ఆటల పీరియడ్‌లో ఆ చివర ఉన్న పిల్లాణ్ణి ఈ చివర నుంచి కేకెయ్యడం, బెల్లు కొట్టాక తల్లిదండ్రులతో మాటలు, ఇంటికెళ్ళాక సొంత పిల్లల చదువు, రాత్రి ఫోన్లో పేరెంట్స్ సందేహాలు. నీళ్ళు ఎప్పుడు తాగుతారు అంటే కాసేపు ఆలోచించి "మధ్యాహ్నం" అన్నారు. క్లాసు వదిలి బాత్రూమ్‌కి వెళ్ళడానికి కుదరదు కాబట్టి నీళ్ళే తాగరు! ఈ మాట నాకు టీచర్లందరూ చెప్తారు, ఒక్కరు కూడా ఇది సమస్య అనుకోరు.

ఆవిడకి ఒక లెక్క వేసి చూపించా. టీచర్ల మెడకి చిన్న కొలత పరికరాలు కట్టి చేసిన స్టడీలో పని గంటల్లో దాదాపు 30 శాతం టైమ్ తంత్రులు కదులుతూనే ఉంటాయని తేలింది, పని లేని టైమ్‌తో పోలిస్తే అది రెట్టింపు కంటే ఎక్కువ. ఆవిడకి క్లాసులో ఐదు గంటలు అనుకుందాం, అందులో 30 శాతం అంటే 90 నిమిషాలు. ఆడవాళ్ళ గొంతు మామూలుగా సెకనుకి 200 సార్లు కదులుతుంది, క్లాసులో గొంతు పెంచినప్పుడు శ్రుతి కూడా పెరుగుతుంది కాబట్టి 250 వేద్దాం. మొత్తం 13.5 లక్షల సార్లు, అంటే ఒక్క స్కూలు రోజులో రెండు తంత్రులు అన్నిసార్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఆవిడ ఆ అంకె వైపు చూసి "చప్పట్లు అన్నిసార్లు కొడితే చేతులు ఏమవుతాయి మేడమ్" అన్నారు. నా దగ్గరున్న పోలికల కంటే అది బాగుంది, ఇప్పుడు అందరికీ అదే చెప్తున్నా.

నా తప్పు

రెండు సెషన్లు అయ్యాయో లేదో సెలవులొచ్చాయి. కుటుంబంతో మూడు వారాలు విదేశం, టికెట్లు ఆర్నెల్ల కింద కొన్నవి, ఆపమని నేనెందుకంటాను, రెస్ట్ కూడా మంచిదే అన్నా. వెళ్ళిన పదో రోజు ఫోన్ చేశారు, "మేడమ్, వినండి నా గొంతు". నిజంగానే బాగుంది, గాలి లేదు, బొంగురు దాదాపు లేదు. నాకూ సంతోషమేసి, సరే, స్కూలు తెరిచాక ఇబ్బంది ఉంటే రండి, లేకపోతే ఇంతటితో చాలు అనేశా. ఫైల్లో "ఇంప్రూవ్డ్" అని రాసి మూసేశా.

ఆ ఒక్క మాట రాసి ఉండకూడదు నేను. రెస్ట్ ఇస్తే వాపు కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది, గొంతు తేటపడుతుంది, అంతమాత్రాన కాయ పోయినట్టు కాదు. మళ్ళీ స్ట్రోబోస్కోపీ చేయించకుండా, మళ్ళీ క్లాసులో నిలబెట్టి చూడకుండా, ఫోన్లో విని నేను కేసు మూసేశాను. స్కూలు తెరిచిన ఐదో వారం ఆవిడ మళ్ళీ వచ్చారు, ఈసారి గుడ్ ఈవినింగ్ మొత్తం గాలే. వీహెచ్ఐ-10 మీద 27.

అమ్మకి పంపిన వాయిస్ మెసేజ్‌లు

ఎప్పటి నుంచి మళ్ళీ మొదలైంది అంటే ఎవరికీ కచ్చితంగా గుర్తుండదు, ఆవిడకీ లేదు. కానీ ఆవిడకి ఒక అలవాటుంది, రోజూ రాత్రి వాళ్ళమ్మకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, అదీ తేదీతో సహా ఫోన్లో ఉంటుంది. అంటే అనుకోకుండా ఏడాది పాటు గొంతు డైరీ తయారై కూర్చుంది! ఆవిడ ఒప్పుకుంటే ఎనిమిది ముక్కలు తీసుకున్నా, మాటలు సొంతవి కాబట్టి ఒక్కోటి పది సెకన్లే, తేదీలు తీసేసి కలగాపులగం చేసి నా తోటి థెరపిస్ట్‌కి ఇచ్చి బొంగురుకి మార్కులు వెయ్యమన్నా. ఒకటి చెప్పాలి, ఈ మెసేజ్‌లు కంప్రెస్ అయి వస్తాయి కాబట్టి కంప్యూటర్‌లో పెట్టి సన్నని కొలతలు తియ్యడం కుదరదు, చెవితో వినడానికి మాత్రమే పనికొస్తాయి.

మార్కులు ఇలా వచ్చాయి. స్కూలు చివరి వారం 2, ట్రిప్పులో మూడో రోజు 1, పదో రోజు 0, పద్ధెనిమిదో రోజు 0. ఇంతవరకూ నేను అనుకున్నదే. ఇంటికి చేరిన మర్నాడు 2. స్కూలు ఇంకా తెరవలేదు, పిల్లల్లేరు, పాఠాల్లేవు, మరి 2 ఎక్కడిది? తర్వాత ఐదు రోజులకి 0, స్కూలు తెరిచిన మొదటి వారం 1, మూడో వారం 2.

ఆ మర్నాడు 2 గురించే మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాం. విమానంలో ఏసీకి జలుబు చేసిందనుకున్నా అన్నారు. జ్వరం ఉందా, ముక్కు కారిందా అంటే లేదు. విమానంలో ఏం చేశారు అంటే అప్పుడు బయటపడింది, పక్క సీట్లో రిటైరైన ఇంకో టీచరమ్మ, పది గంటల ప్రయాణంలో ఇద్దరూ నిద్రపోకుండా కబుర్లు. ఎగిరే విమానంలో చప్పుడు 80 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది, గాల్లో తేమ 20 శాతం లోపే. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచేస్తాడు, దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లో చెప్పాడు. గొంతు పెంచుతున్నామని తెలియదు, అదే దాంట్లో ఉన్న చిక్కు. పది గంటలు పొడిబారిన తంత్రులతో చప్పుడు మీద మాట్లాడారు, అంటే విమానంలో ఆవిడ రెండు స్కూలు రోజులు పని చేసినట్టే.

అయితే ట్రిప్పులో గొంతు అంత బాగా ఎందుకుంది? అక్కడి భాష రాదు కాబట్టి బయట మాటలన్నీ భర్త ఇంగ్లీషులో చూసుకున్నారు, పిల్లల్ని పిలవాలంటే చెయ్యి పట్టుకునేంత దగ్గరే ఉన్నారు, దూరం నుంచి కేకెయ్యాల్సిన పని రాలేదు, రోజంతా నడుస్తూ బాటిల్‌తో నీళ్ళు తాగారు. విదేశపు గాలి మంచిదండీ అని ఆవిడ నమ్మకం, నేను వాదించలేదు, గాలి మంచిదైతే మంచిదే, కానీ విమానం ఆ నమ్మకాన్ని దెబ్బ కొట్టింది. గొంతు పాడవడానికి స్కూలే అక్కర్లేదు, చప్పుడు మీద మాట్లాడితే ఎక్కడైనా పాడవుతుంది. సమస్య ఆవిడ గొంతు కాదు, ఆ గొంతు మీద పడే బరువు.

క్లాసులో కూర్చుని చూశా

హెడ్ టీచర్ గారి పర్మిషన్ తీసుకుని ఒక పొద్దున్న వెనక బెంచీలో కూర్చున్నా. మామూలుగా థెరపిస్టులం ఇది చెయ్యం, టైమ్ ఉండదు, కానీ ఈ కేసులో అసలు విషయం అక్కడే దొరికింది. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ పెట్టా, అది కచ్చితమైన పరికరం కాదు, అంచనాకి సరిపోతుంది. పిల్లలు రాకముందు ఖాళీ గదిలోనే 47 డెసిబెల్స్, పిల్లలు రాసుకుంటున్నప్పుడు 66. ఖాళీ క్లాసురూమ్ 35 దాటకూడదని అమెరికాలో 2002లో ఒక ప్రమాణం పెట్టుకున్నారు, చప్పుడు గదిలో మోగి ఆరిపోవడానికి 0.6 సెకను మించి పట్టకూడదని కూడా. ఈ గది ఉత్త గోడలూ ఉత్త నేలా, చప్పట్లు కొడితే తిరిగి వినపడుతోంది. పిల్లలకి మాట స్పష్టంగా అందాలంటే టీచర్ గొంతు చుట్టూ చప్పుడు కంటే 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలంటారు, అంటే 66 మీద 81, అదీ వెనక బెంచీ దగ్గర! దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఇది మనిషి గొంతుతో రోజూ చెయ్యగలిగే పని కాదు.

ఇంకో రెండు విషయాలు చూశా. బోర్డు మీద రాస్తూ గోడకి పాఠం చెప్తున్నారు, పిల్లలకి వినపడట్లేదని గొంతు పెంచుతున్నారు. "సైలెన్స్" అని గంటలో 22 సార్లు అరిచారు, ప్రతిసారీ పిల్లలు నాలుగు సెకన్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. నేను నవ్వుకున్నా గానీ నేనున్నా అదే చేసేదాన్ని.

ఏం చేశాం

పది వారాల్లో ఎనిమిది సెషన్లు. స్ట్రాతో మొదలుపెట్టాం. సన్న స్ట్రా నోట్లో పెట్టుకుని దాంట్లోంచి "ఊ" అంటూ శ్రుతి పైకీ కిందకీ, తర్వాత గ్లాసు నీళ్ళలో పెట్టి బుడగలు తెప్పిస్తూ. స్ట్రా వల్ల గాలి వెనక్కి కాస్త నెడుతుంది, ఆ ఒత్తిడికి తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండానే కదులుతాయి, అంటే వ్యాయామం ఉంటుంది, దెబ్బ ఉండదు. ఐదు నిమిషాలే, పొద్దున్న ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, ఇంటికి వెళ్ళేముందు ఒకసారి. తర్వాత "మ్" అని మూతి మూసి పలికిస్తూ పెదాల దగ్గర జివ్వుమనేది పట్టుకోవడం, ఆ జివ్వు పోకుండా మాటలోకి రావడం. పుస్తకాల్లో ఉండే వాక్యాలు నాకు నచ్చవు, క్లాసులో రోజూ వాడే మాటలే తీసుకున్నాం, "మనం మళ్ళీ మొదలుపెడదాం" అన్న వాక్యం ఆవిడే కనిపెట్టారు, నిండా మకారాలే, ఇంతకంటే మంచి ప్రాక్టీసు వాక్యం నాకు దొరకలేదు. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్ళు, లేదా గట్టిగా గుటక. గుసగుసగా మాట్లాడితే రెస్ట్ అనుకుంటారు చాలామంది, అది మానిపించా, చాలామంది గుసగుసకి కూడా గొంతు బిగించే మాట్లాడతారు.

క్లాసు సంగతికొస్తే "సైలెన్స్" తీసేశాం. దాని బదులు చప్పట్ల లయ, టీచర్ కొడితే పిల్లలు తిరిగి కొట్టాలి, అయ్యేసరికి చేతులూ నోళ్ళూ రెండూ ఆగుతాయి. కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయించారు, వెనక గోడకి పిల్లల బట్ట బొమ్మలు కట్టారు. రాసేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడేటప్పుడు రాయకూడదు, ఇది ఆవిడకి అన్నిటికంటే కష్టమైంది. ఆటల పీరియడ్‌కి విజిల్. నీళ్ళు తాగడానికీ బాత్రూమ్‌కీ పక్క క్లాసు టీచర్‌తో ఒప్పందం, గంటన్నరకోసారి ఒకరి క్లాసు ఒకరు రెండు నిమిషాలు చూడాలి.

మైక్ దగ్గర మాత్రం అడ్డం తిరిగారు. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరూ చెంప దగ్గర మైకూ ఉండేది చూపిస్తే "పిల్లలు నవ్వుతారు, తోటివాళ్ళు గొంతు లేని టీచర్ అంటారు" అన్నారు. 2002లో టీచర్లని మూడు గుంపులు చేసి ఒక పరిశోధన జరిగింది, ఒక గుంపుకి మైక్, ఒక గుంపుకి గొంతు జాగ్రత్తల పాఠాలు, ఒక గుంపుకి ఏమీ లేదు, బాగా తగ్గింది మైక్ గుంపుకే, జాగ్రత్తల పాఠాలు విన్నవాళ్ళకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇదంతా చెప్పా, వినలేదు. నీళ్ళు తాగండి, అరవకండి అని చెప్పి పంపేసే మా వృత్తికి ఆ పరిశోధన పెద్ద చెంపదెబ్బ అని నాకు అనిపిస్తుంది, అది వేరే సంగతి.

మూడో సెషన్‌లో ట్రిప్పు ఫోటోలు చూపిస్తుంటే ఒక ఫోటోలో అందరి మెడలోనూ చిన్న డబ్బా, చెవిలో ఇయర్‌ఫోన్. ఇదేంటి అంటే గైడ్ దగ్గర మైక్ ఉంటుంది మేడమ్, ఆయన మామూలుగా మాట్లాడితే మా చెవిలో వినపడుతుంది, ముప్ఫై మందిమి ఉన్నాం, అరవాలంటే ఎలా అన్నారు. అని ఆగిపోయారు. నేనేమీ అనలేదు. ఆ గైడ్‌ని చూసి ఎవరైనా నవ్వారా అని కూడా అడగలేదు. మర్నాడే మైక్ కొన్నారు.

పిల్లలు మొదటి రెండు రోజులు నిజంగానే నవ్వారు, మూడో రోజు నుంచి తమకీ మైక్ కావాలన్నారు. ఇప్పుడు పాట ఎత్తుకునేది వాళ్ళే, రోజుకొకరు మైక్ పట్టుకుని మొదటి చరణం పాడతారు, టీచర్ గారు లయ మాత్రం వేస్తారు.

మధ్యలో ఒక దెబ్బ

ఏడో వారం వార్షికోత్సవం రిహార్సల్స్. మైక్ ఛార్జింగ్ అయిపోయింది, హాల్లో నూట ఇరవై మంది పిల్లలు, నాలుగు రోజులు పాత పద్ధతే. గురువారానికి గొంతు పోయింది, వచ్చి నా ముందు ఏడ్చారు, అంతా వృథా అయింది అని. మళ్ళీ వాయిస్ మెసేజ్‌లు విన్నాం. పోయిన ఏడాది ఇలా పోతే తేరుకోవడానికి పదకొండు రోజులు పట్టింది, ఈసారి నాలుగు. ఆ తేడా చూశాక ఏడుపు ఆగింది. ఇంకో ఛార్జర్ కొని స్కూల్లో పెట్టుకున్నారు, ఈ కేసులో నేనిచ్చిన సలహాల్లో చవకైనదీ పనికొచ్చినదీ అదే.

మూడు నెలలకి స్ట్రోబోస్కోపీ మళ్ళీ చేశారు. ఎడమ వైపు కాయ దాదాపు లేదు, కుడి వైపుది చిన్నదైంది, తంత్రులు మధ్యలో బాగానే కలుస్తున్నాయి, వెనక కొంచెం సందుంది, అది చాలామంది ఆడవాళ్ళకి మామూలే. ఆపరేషన్ మాట డాక్టర్ గారు ఎత్తలేదు, నాడ్యూల్స్‌కి ముందు థెరపీయే, బరువు తగ్గించకుండా కోసేస్తే మళ్ళీ కాస్తాయి. "ఆ" 14 సెకన్లు, ఇంకా 15 అందుకోలేదు. వీహెచ్ఐ-10 మీద 9. పై శ్రుతి పూర్తిగా రాలేదు, పాటలో ఒక మెట్టు కిందనే ఎత్తుకుంటున్నారు, అంకుల్ అన్న పిల్లాడు రెండో తరగతికి వెళ్ళిపోయాడు కాబట్టి ఇబ్బంది లేదు.

ఈ కేసులో నా వైపు లోపాలు రెండు మిగిలాయి. మైక్, స్ట్రా, క్లాసు మార్పులు అన్నీ ఒకేసారి పెట్టాం, అందుకని ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను, నా ఓటు మాత్రం మైక్‌కే. రెండోది, ఒక్క పొద్దున్న క్లాసులో కూర్చుని తెలుసుకున్నది మొదటి వారమే తెలుసుకోవచ్చు, ఆర్నెల్లు ఆగాల్సిన పని లేదు.

ఈ ఏడాది సెలవులకి మళ్ళీ వెళ్తున్నారు, ఇంకో దేశం. విమానంలోకి చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లూ, పక్కవాళ్ళు మరీ కబుర్లపోగులైతే రాసి చూపించడానికి ఒక చిన్న నోట్‌బుక్కూ బ్యాగులో పెట్టుకున్నానని చెప్పారు. తిరిగి రాగానే రమ్మంటారా అని అడిగితే వద్దన్నా. రివ్యూ డేట్ స్కూలు తెరిచిన మూడో వారం వేశా, శుక్రవారం, ఆఖరి పీరియడ్ అయ్యాక నేరుగా.